కొత్త నీళ్ల నాడు నేను చెప్పని మాట

నాకు ఒక మనిషి మీద కుళ్లు. ఈ మాట మొదట్లోనే చెప్పేయడం నయం. లేకపోతే రాసేదంతా నన్ను నేను వెనకేసుకు రావడమే అయిపోతుంది.

ఆ మనిషి ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా నా పక్కనే కూర్చున్న పిల్ల. సిరుగుప్పలో మా రెండిళ్లలోనూ తెలుగే మాట్లాడేవాళ్లం, బడిలో కన్నడం చదివేవాళ్లం. రెండు భాషల్లోనూ ఆమే ముందు. నేను కూర్చుని కుస్తీ పట్టిన లెక్కను ఆమె బర్రెకు గడ్డి వేస్తూ నోటితోనే చేసేసేది. పైగా గర్వమనేది లేదు. గర్వం ఉంటే తిట్టుకోవడానికైనా వీలుండేది. పదో తరగతి అయ్యాక వాళ్ల నాన్న మంచాన పడ్డాడు, ఆమె చదువు మానేసి వరినాట్లకు పోయింది. సార్లు అయ్యో అన్నారు. మా అమ్మ కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం లోపల పండగ. ఇక నన్నెవరూ ఆమెతో పోల్చరు కదా అనుకున్నాను.

నేను బళ్లారి కంటోన్మెంటులో హాస్టల్లో ఉండి కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ దాకా చదివాను. నా ప్రాజెక్టు బురదనీళ్ల మీద. "బురద గురించి సదవడానికి బళ్లారి దాకా పోవల్లనా? మన కాలవ కాడ కావల్సినంత ఉండాది గదా" అని మా మేనమామ ఎగతాళి చేశాడు. కానీ నాకు నిజంగా నచ్చిన విషయం అదొక్కటే. కాలువ నీళ్లు బిందెలో పట్టి ఉంచితే ఇసుక అడుక్కు దిగుతుంది గానీ సన్నటి బంక రోజుల తరబడి దిగదు. ఆ రేణువులన్నిటి ఒంటి మీదా ఋణావేశం ఉంటుంది. అన్నీ మైనస్సే కాబట్టి ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వవు. పడని వియ్యపురాళ్లు పెళ్లిపందిట్లో ఒకే బెంచీ మీద కూర్చోనట్టు ఎడమెడంగానే తిరుగుతుంటాయి. దగ్గరికి రానప్పుడు గడ్డ కట్టేదెక్కడ, బరువెక్కి దిగేదెక్కడ? పటిక వేస్తే అందులోని ధనావేశం ఈ మైనస్‌ను కొట్టేస్తుంది. అప్పుడు రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దలై అడుక్కు పోతాయి. ఇంతవరకూ చాలామందికి తెలుసు. తెలియనిది ఇంకొకటి ఉంది. ఆ ధనావేశం మరీ ఎక్కువైతే రేణువుల మీద మైనస్ పోయి ప్లస్ ఎక్కుతుంది. ఇప్పుడు అన్నీ ప్లస్సే. మళ్లీ ఎడమొహం పెడమొహం, మళ్లీ బురదనీళ్లే.

చదువయ్యాక కొన్నేళ్లు అక్కడా ఇక్కడా పాఠాలు చెప్పి, చివరికి మా తాలూకాలోనే ఒక ఫిల్టర్ ప్లాంటులో కెమిస్టుగా చేరాను, కాంట్రాక్టు మీద. తుంగభద్ర కాలువ నీళ్లను తేటపరిచి చుట్టుపక్కల పల్లెలకు పంపే ప్లాంటు అది. మొదటిరోజు తెల్లకోటు వేసుకుని లోపలికి పోతే, ఫిల్టర్ల గదిలో చీపురు పట్టుకుని ఆమె కనిపించింది.

"ఏమ్మే, నువ్వా! కోటేసుకోని డాక్టరమ్మ మాదిరి ఉండావే!" అని చీపురు పక్కన పడేసి నా రెండు చేతులూ పట్టుకుంది. నాకూ సంతోషమే వేసింది. ఆమె చేతిలో చీపురు, నా ఒంటి మీద తెల్లకోటు. అలాంటప్పుడు సంతోషపడటం పెద్ద కష్టమేం కాదు.

ఆ సంతోషం రెండేళ్లు కూడా నిలవలేదు. పటిక తొట్టి చూసుకునే ఆయన పని మానేస్తే ఆ చోట్లో ఆమెను పెట్టారు. పటిక దిమ్మల్ని తొట్టిలో కరిగించి, ఆ ద్రావణాన్ని సన్నటి ధారగా కాలువ నీళ్లలోకి వదలాలి. ధార ఎంత ఉండాలో చెప్పడానికే నేనున్నాను. ఆరు బీకర్లలో బురదనీళ్లు పోసి, ఒక్కోదానిలో ఒక్కో కొలత మందు వేసి, మిషనుతో కలిపి, ఏది బాగా తేటపడిందో చూసి చెబుతాను. దానికి గంట పడుతుంది. ఆమె ధార కింద వేళ్లు పెట్టి రెండు వేళ్లు, మూడు వేళ్లు అని కొలిచి, గట్టు మీద నిలబడి నీళ్లలోకి చూసేది. కాసేపటికి నీళ్లలో చిన్న చిన్న ముద్దలు తేలేవి. వాటిని ఆమె పిందెలు అనేది. "పిందె పట్టింది, ఇంగ సాలు" అని వాల్వు బిగించేది. నేను గంట తర్వాత కాగితం పట్టుకుని కిందికి దిగితే నా కొలతా ఆమె ధారా ఒకటే అయ్యేవి. ఒకటి రెండుసార్లయితే నవ్వుకుంటాం. ప్రతిసారీ అదే అయితే కడుపు మండుతుంది.

ఒకరోజు అన్నాల దగ్గర, పటిక వేస్తే బురద ఎందుకు పడుతుందని అడిగింది. జొన్నరొట్టె తుంచుకుంటూ ఆ మైనస్ ప్లస్ సంగతి చెప్పాను. నాలో నేను మురిసిపోతూనే చెప్పాను. ఆమె రొట్టె నములుతూ వింది.

"మా చేను కాడ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి మే. దాంట్లో ఎంత మట్టి పడినా పొద్దుటికి తేటపడతాది. ఉప్పు కూడా ఆ మైనస్‌ను అణిచేస్తాదా?"

సరిగ్గా అదే. ఉప్పునీళ్లలో ఆ ఆవేశం ఆట్టే దూరం పనిచేయదు, రేణువులు దగ్గరకొచ్చి అంటుకుంటాయి. నాకు అది పుస్తకం చదివి, పరీక్ష రాసి, ఇంకోసారి చదివితే గానీ ఎక్కలేదు. ఆమెకు ఒక్క రొట్టె అయ్యేలోపు ఎక్కింది. "ఏమో, చూడాల" అన్నాను. మందు ఎక్కువైతే తిరగబడుతుందన్న సంగతి ఆ రోజు చెప్పలేదు. అప్పటికి అది కావాలని చేసింది కాదు. ఆ ప్రశ్న విన్నాక ఇంకేమీ చెప్పబుద్ధి కాలేదు, అంతే.

మా ఇంజనీరు బళ్లారి ఆఫీసులో ఉండేవాడు, వారానికోసారి వచ్చేవాడు. కన్నడిగుడు, మాతో తెలుగు కలిపి మాట్లాడేవాడు. పై అధికారులొస్తే మొదట నా ల్యాబు చూపించి, "ఇంగ అసలు మనిషిని చూపిస్తా బన్రీ, రండి" అని వాళ్లను కింద వాల్వు దగ్గరికి తీసుకుపోయేవాడు. ఆమె కొంగు నడుముకు దోపుకుని, వేళ్లు ధార కింద పెట్టి చూపించేది. వాళ్లు ఫోటోలు దిగేవాళ్లు. ఒకసారి ఒకాయన నన్ను "మేడమ్, కొంచెం పక్కకు" అన్నాడు. ఫోటోకు నా కోటు అడ్డమొచ్చిందట. పుండు మీద కారం చల్లడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

కొత్త నీళ్ల ఆచారం ఒకటి మా ప్లాంటులో ఉంది. ఎండాకాలమంతా కాలువ కట్టేస్తారు, చెరువులో నిలవచేసిన నీళ్లతో నెట్టుకొస్తాం. వానలొచ్చి డ్యాము నిండితే కాలువకు నీళ్లు వదులుతారు. మొదటి నీళ్లు జాజు కలిపినట్టు ఎర్రగా వస్తాయి. ఆ రోజు నీళ్లు లోపలికొచ్చే చోట పసుపు కుంకుమ వేసి, టెంకాయ కొట్టి, గంగమ్మకు పెరుగన్నం పెట్టి, ఆ తర్వాత మందు వాల్వు తిప్పుతాం. చెయ్యి మంచిదైనవాళ్లే తిప్పాలి. నాలుగేళ్లుగా ఆ చెయ్యి ఆమెదే. ఒక్కసారైనా నన్ను తిప్పమంటారేమోనని నేను ప్రతి ఏడూ పట్టుచీర కట్టుకుని మరీ పోయేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు రాలేదు.

ఆ నాలుగేళ్లూ అయ్యాక వచ్చిన ఎండాకాలంలో, మా బళ్లారి జిల్లాలోనే ఉన్న ఎమ్మిగనూరు వైపు కొత్త ప్లాంటు తయారైంది. దానికి సూపర్‌వైజరు కావాలి. కాంట్రాక్టు కాదు, ఖాయమైన ఉద్యోగం. చదువు పదో తరగతి చాలు, ప్లాంటు పని తెలిసుండాలి. ఇంజనీరు ఒక్క పేరు పైకి పంపాలి. అది నాకే అనుకున్నాను. ఏటా కాంట్రాక్టు పొడిగిస్తారో లేదోనని బిక్కుబిక్కుమనే బతుకు అయిపోతుందనుకున్నాను. ఇంట్లో కూడా చెప్పుకున్నాను. ఒకరోజు ఇంజనీరు మెట్ల మీద నిలబడి ఫోన్లో ఎవరితోనో, "అవళే సరి, అవళిగె కెలస గొత్తు" అంటుంటే విన్నాను. ఆమే సరైనది, ఆమెకు పని తెలుసు అని. ల్యాబులోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను. ఏడుపు కన్నా కోపం ఎక్కువ.

అదే సమయంలో పటిక దిమ్మలు రావడం ఆగిపోయి, వాటి బదులు పచ్చటి పొడి బస్తాలు వచ్చాయి. ప్యాక్ అంటారు. అదీ పటిక జాతిదే గానీ ఆవేశం చాలా ఎక్కువ, కొంచెం వేస్తే చాలు. ఉన్న పటిక అయిపోయేదాకా బస్తాలు మూలన పడి ఉన్నాయి. ఒకరోజు ఆమె బస్తా మీద చెయ్యేసి, "ఈ పచ్చ పొడి ఎట్లుంటాది మే?" అని అడిగింది. "పటిక లాంటిదే" అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు.

ఆమెకు తప్పు ఎక్కడ జరుగుతుందో ఎవరైనా ఊహించవచ్చు. కాలువ నీళ్లలో పటిక ఎక్కువైనా కొంపేమీ మునగదు, మిగిలిన పటిక తనే ముద్దకట్టి బురదను ఈడ్చుకుని దిగుతుంది, అడుగున బురద కాస్త ఎక్కువ పడుతుంది, అంతే. నాలుగేళ్లుగా ఆమె చేతికి పట్టుబడిన పాఠం అది: పిందె పట్టకపోతే ఇంకాస్త వదులు. ఈ పచ్చ పొడి దగ్గర ఆ పాఠం తలకిందులవుతుంది.

కొత్త నీళ్లు వచ్చిన రోజు పొద్దున్నే నేను మొదటి నీళ్లు సీసాలో పట్టుకుని పోయి ఆరు బీకర్లూ పెట్టాను. రెండో బీకరు అద్దంలా తేటపడింది. మూడోది కొంచెం మసక. నాలుగు, అయిదు, ఆరు పోసినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఆమె మూడు వేళ్ల ధార ఆరో బీకరు కన్నా ఎక్కువే అవుతుందని లెక్క కట్టి కాగితం మీద రాశాను. ఆ కాగితం పట్టుకుని కిందికి దిగబోతుంటే పంపుల దగ్గర పనిచేసే పెద్దాయన ఫోను స్పీకరులో ఇంజనీరు గొంతు వినిపించింది. మీటింగుంది, మధ్యాహ్నానికి వస్తానన్నాడు. "పూజె ముగిసి, ఆమె చేత్తోనే షురూ చేయండి. ఆమె చూసుకుంటుంది" అన్నాడు. కెమిస్టును అడగండి అని అనలేదు.

నేను వెనక్కి తిరిగాను. అడగనిదే అమ్మయినా పెట్టదు అనుకున్నాను. కాగితం సొరుగులో పెట్టి, సొరుగు మూసి, కిటికీ దగ్గర నిలబడ్డాను.

టెంకాయ కొట్టారు. ఆమె చెయ్యి కడుక్కుని వాల్వు తిప్పి, ధార కింద మూడు వేళ్లు పెట్టింది. అందరూ గట్టు మీదికి వంగి చూశారు. పిందెలు పట్టలేదు. నీళ్లు ఎర్రటి మజ్జిగలాగా అలాగే కదులుతున్నాయి.

"కొత్త మందు గదమ్మా, సాలలేదేమో. ఇంగో వేలు పెంచు" అన్నాడు పెద్దాయన.

పెంచింది. ఏమీ కాలేదు. ఇంకా పెంచింది. ఆమె ముఖంలో ఆ బెదురు నేను ఎన్నడూ చూడలేదు. చిన్నప్పుడు లెక్క తప్పితే నా ముఖం అలా ఉండేది కాబోలు. చూస్తుంటే నాకు కడుపు చల్లబడినంత హాయిగా ఉంది. దాచి లాభం లేదు, హాయిగానే ఉంది. ఆమె ఒకసారి తలెత్తి నా కిటికీ వైపు చూసింది. నేను రిజిస్టరు తెరిచి ఏదో రాస్తున్నట్టు తల దించుకున్నాను. ఇంజనీరు రావాలి, అప్పుడు దిగుతాను, అందరి ముందూ చెబుతాను, అదీ నా ఆలోచన. ముందే చెబితే చూసేదెవరు?

మధ్యాహ్నానికి ఫిల్టర్లు బురదతో పట్టేశాయి. పట్టేసేలోపే కొన్ని ఎర్రనీళ్లు ఫిల్టర్ల ఇసుకలోంచి దూరి పల్లెల ట్యాంకులకెక్కాయి. పెద్దాయన పంపులు ఆపేశాడు. ఊళ్లనుంచి ఫోన్లు మొదలయ్యాయి: "ఏందప్పా ఇది, నల్లాలో జాజునీళ్లు వస్తాండాయి?" ఆ ట్యాంకులు ఖాళీ చేసి కడిగేదాకా, మూడు పూటలు, ఆడవాళ్లు బిందెలెత్తుకుని కాలువకు పోవలసి వచ్చింది. కిటికీ దగ్గర నిలబడినప్పుడు ఆ బిందెలు నా లెక్కలోకి రాలేదు.

ఇంజనీరు జీపు దిగుతూనే కేకలు పెట్టాడు. అప్పుడు దిగాను నేను. చేతిలో ఒక గాజు గ్లాసు. మందు ఎక్కువైన మసకనీళ్లు అందులో సగం పట్టాను. "దీంట్లో మందు వేయను సార్, బురదే పోస్తాను" అని, మందు కలవని ఎర్రటి కాలువ నీళ్లు కొంచెం కొంచెంగా పోసి పుల్లతో తిప్పాను. గ్లాసులో పిందెలు పట్టి దిగడం మొదలైంది. బురదలో బురద పోస్తే తేటపడటం చూసి పెద్దాయన నోరు తెరిచాడు. ప్లస్ అయిపోయిన రేణువులకు మైనస్ రేణువులు జత పడ్డాయని, వాల్వు కట్టేసి ఉత్త కాలువ నీళ్లు వదిలితే నీళ్ల తొట్టి కూడా ఇలాగే తేరుకుంటుందని, ఇకమీదట ఈ మందు ఒక వేలి కన్నా తక్కువే చాలని చెప్పాను. నా బతుకులో అంత బాగా పాఠం ఎన్నడూ చెప్పలేదు. ఆమె కూడా గ్లాసునే చూస్తోంది, కళ్లు పెద్దవి చేసుకుని, చిన్నప్పుడు బోర్డు వైపు చూసినట్టు.

ఇంజనీరు గ్లాసును వెలుతురులో పెట్టి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఇంత తెలుసు. పొద్దున్నుంచీ ఈడే ఉంటిరి గదా మేడమ్? మరి యాకె, ఎందుకు ఆపలే?"

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. పొద్దున్నుంచీ అన్నీ ఆలోచించాను, ఇదొక్కటి తప్ప. సొరుగులో కాగితం ఉంది, దాని మీద టైము కూడా రాసి ఉంది. ఎవరైనా పైకి పోయి ఆ సొరుగు లాగితే సాయంత్రానికి నా కాంట్రాక్టు ఉండదు.

"మేడమ్ ఆపమనిరి సార్" అంది ఆమె. "రెండుమాట్లు చెప్పిరి. నేనే వినలే. నా చెయ్యి మంచిదని పొగరు."

పెద్దాయన ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు, తల దించుకున్నాడు. ఇంజనీరు ఆమెను అనరాని మాటలు అన్నాడు. నాలుగేళ్లు పొగిడిన నోరే. ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. నేను అబద్ధమని చెప్పలేదు. ఆ రోజు నేను మింగిన మాటల్లో అది రెండోది.

మర్నాటి నుంచి ఆమెను వాల్వు దగ్గర్నుంచి తీసేసి మళ్లీ ఫిల్టర్లు కడగడానికి పెట్టారు. వారం తిరగకుండా పై ఆఫీసుకు నా పేరు పోయింది.

ఆ కబురు తెలిసిన రోజు, ఆమె గొట్టంతో ఇసుక మీది బురద కడుగుతుంటే పోయి పక్కన నిలబడ్డాను.

"ఎందుకట్ల చెప్తివి?" అన్నాను.

"ఎట్లా తిట్లు నాకే పడతాయి గదా. నిన్ను కూడా ఎందుకు ఇరికించేది? నీది కాంట్రాక్టు, పీకేస్తారు. నన్నయితే మళ్లా చీపురు పట్టమంటారు, అంతే గదా." గొట్టం పక్కకు తిప్పి, నా చీర తడవకుండా చూసుకుంటూ ఇంకో మాట అంది. "కిటికీ కాడ నువ్వు నిలబడింది చూసినా మే. దీనికి తెలుసు, ఇప్పుడు దిగొస్తాది, ఇంగాసేపటికి దిగొస్తాది అనుకుంటానే వాల్వు పట్టుకోని నిలబడితి."

అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది. నేను ఏదో అన్నాను, నీళ్ల చప్పుడులో అది ఆమెకు వినబడలేదో, వినబడనట్టు ఉందో తెలియదు.

ఇప్పుడు ఎమ్మిగనూరు ప్లాంటులో సూపర్‌వైజరును నేను. ఆమె ఇంకా అక్కడే ఇసుక కడుగుతోంది. ఇంజనీరుకు నిజం చెప్పాలని రెండుసార్లు బళ్లారి పోయాను, రెండుసార్లూ ఆయన ఇచ్చిన టీ తాగి బస్సెక్కాను. చదివేవాళ్లు నాకు పశ్చాత్తాపం ఉందనుకుంటారేమో. ఉంది, కానీ మొదట వచ్చేది అది కాదు. అంతమంది ముందు రెప్పపాటులో నాకోసం ఆ అబద్ధం ఆమెకు ఎలా నోటికొచ్చింది, అలాంటిది నాకెందుకు రాదు అని, ముందు కుళ్లే వస్తుంది.